ముందు చిట్టా, తరువాత ఆవర్జా

గోదావరికి వరద వస్తోందంటే కోనసీమలో అందరి చెవులూ ధవళేశ్వరం వైపే ఉంటాయి. అక్కడ కాటన్ బ్యారేజీ వద్ద నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక. 13.75కు చేరితే రెండవది. 17.75 దాటితే మూడవది. లంక గ్రామాల్లో చదువు రాని ముసలమ్మకు కూడా ఈ మూడు సంఖ్యల సంగతి తెలుసు. గొడ్లను గట్టు మీదికి తోలాలా, ధాన్యం బస్తాలను అటక ఎక్కించాలా, ఈ రాత్రి ఇంట్లో పడుకోవచ్చా అన్నది ఆ సంఖ్యను బట్టే తేలుతుంది. సంఖ్య తప్పయితే ఏమవుతుందో మీరే ఊహించండి.

కె.గంగవరం మండలంలో గౌతమీ పాయ ఒడ్డున కోటిపల్లి రేవు ఉంది. ఆవలి గట్టున ముక్తేశ్వరం. ఈ మండలంలోని ఒక ఉన్నత పాఠశాల పిల్లలకు ఒక ఆలోచన వచ్చిందనుకుందాం. రేవు మెట్లకు రంగుతో అడుగులు, అంగుళాలు గుర్తులు పెట్టాలి. పెద్దల తోడుతో రోజుకు మూడుసార్లు నీటిమట్టం చూడాలి. ఆ సంఖ్యను ఫోనులో నమోదు చేస్తే చుట్టుపక్కల ఊళ్లవాళ్లందరికీ వారి వారి ఫోన్లలో కనబడాలి. ఎంత మంచి పని! ఫోనులో కనబడే పుటలు తయారు చేయడం ఈ రోజుల్లో పెద్ద కష్టం కాదు. అసలు ప్రశ్న వేరే ఉంది. వచ్చిన సంఖ్యలన్నిటినీ ఎక్కడ దాచాలి? ఎలా దాచాలి? వాటిని దాచి, అడిగినప్పుడు వెతికి తీసి ఇచ్చే ఏర్పాటునే డేటాబేస్ అంటారు. మన మాటల్లో చెప్పాలంటే సమాచారపు ఖజానా.

ఏ డేటాబేస్ మంచిదని అడిగితే పదిమంది పది పేర్లు చెబుతారు. ఒకటి చాలా వేగమైనదంటారు. మరొకటి కొత్తగా వచ్చిందంటారు. ఇంకొకదాన్ని ఫలానా పెద్ద కంపెనీ వాడుతోందంటారు. నా అభిప్రాయంలో ఈ మూడూ ఎంపికకు చాలిన కారణాలు కావు. వంతెన మీద లారీ ఎంత వేగంగా పోతుందని ఎవరూ మొదట అడగరు. వరదలో ఆ వంతెన నిలుస్తుందా అనే అడుగుతారు. డేటాబేసునూ అలాగే అడగాలి. అంతా సవ్యంగా ఉన్నప్పుడు ఏం చేస్తుందన్నది కాదు, చెడిపోయినప్పుడు ఏం చేస్తుందన్నది తెలుసుకోవాలి. అందుకు అడగవలసిన ప్రశ్నలు అయిదు ఉన్నాయి.

మొదటి ప్రశ్న: నడిమధ్యలో కరెంటు పోతే?

మీ నాన్నగారు కాకినాడలో చదువుతున్న మీ అన్నయ్యకు హాస్టలు ఖర్చులకని 2000 రూపాయలు పంపారనుకోండి. ఇద్దరి ఖాతాలూ ఒకే బ్యాంకులో ఉన్నాయి. కంప్యూటర్ రెండు పనులు చేయాలి: నాన్నగారి ఖాతాలో 2000 తగ్గించాలి, అన్నయ్య ఖాతాలో 2000 పెంచాలి. మొదటి పని అయింది, రెండవది కాకముందే కరెంటు పోయింది. ఇప్పుడా డబ్బు ఎవరిది? నాన్నగారి దగ్గర లేదు, అన్నయ్య దగ్గరా లేదు!

ఇలా జరగకూడదంటే రెండు పనులనూ ఒకే మూటగా కట్టాలి. జరిగితే రెండూ జరగాలి. లేకుంటే ఒక్కటీ జరగకూడదు. సగం పని అన్నది ఉండరాదు. ఈ మూటకు ట్రాన్సాక్షన్ అని పేరు. ట్రాన్సాక్షన్ అన్న భావనకు గట్టి పునాది వేసినవారిలో జిమ్ గ్రే అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు ముఖ్యుడు. అందుకు ఆయనకు 1998లో ట్యూరింగ్ బహుమతి వచ్చింది. కంప్యూటర్ శాస్త్రంలో అది నోబెల్ బహుమతి వంటిది.

సరే, మూట కట్టమన్నంత మాత్రాన కరెంటు మన మాట వింటుందా? కరెంటు పోయేది పోతూనే ఉంటుంది. మరి డేటాబేస్ చేసే ఉపాయమేమిటి?

ఆ ఉపాయం మన కొట్ల షావుకార్లకు ఏనాడో తెలుసు. పాతకాలపు కొట్లో రెండు పుస్తకాలుండేవి. ఒకటి చిట్టా, రెండవది ఆవర్జా. బేరం జరగ్గానే గుమాస్తా జరిగింది జరిగినట్లు, జరిగిన వరుసలోనే చిట్టాలో రాసేవాడు. తరువాత తీరిక చూసుకొని, చిట్టాలోని పద్దులను ఎవరి ఖాతా కింద వారికి ఆవర్జాలో ఎక్కించేవాడు. ఆవర్జా రాస్తుండగా దీపం ఆరిపోయినా భయం లేదు. మర్నాడు చిట్టా తెరిచి, ఎక్కడిదాకా ఎక్కించాడో చూసుకొని, మిగిలింది పూర్తి చేస్తాడు. చిట్టాలో సగమే రాసి ఆగిపోయిన పద్దు ఉంటే, ఆ బేరం జరగనట్లే లెక్క.

మంచి డేటాబేసులు చేసేదీ ఇదే. ఏ మార్పునైనా ముందు చిట్టా వంటి ఒక ఫైలులో వరుసగా రాసుకుంటాయి. ఆ రాత డిస్కు మీదికి చేరాకే 'పని అయింది' అని మనకు జవాబు చెబుతాయి. అసలు పట్టికలను ఆ తరువాత మారుస్తాయి. కరెంటు పోయి వచ్చాక చిట్టా చదువుకొని పట్టికలను సరిచేసుకుంటాయి. 'ముందు చిట్టా, తరువాత ఆవర్జా' అన్నదే డేటాబేసుల నమ్మకానికి మూలసూత్రం.

ఇక్కడ ఒక కిటుకు ఉంది. కంప్యూటర్ 'రాశాను' అన్నంత మాత్రాన అది డిస్కు మీదికి చేరిందని కాదు. ఇంకా తాత్కాలిక స్మృతిలోనే ఉండవచ్చు. ఉత్తరం తపాలా పెట్టెలో వేయమని తమ్ముడి చేతికి ఇచ్చాం. వాడు జేబులో పెట్టుకొని గోళీలాటకు పోయాడు. 'ఇచ్చాను' అన్నది నిజమే, పెట్టెలో పడిందన్నది నిజం కాదు. కొన్ని డేటాబేసులు వేగం కోసం ఉత్తరం జేబులో ఉండగానే 'పని అయింది' అంటాయి. కాబట్టి మీరు ఎంచుకునేది ఎప్పుడు అలా అంటుందో దాని వివరణ పుస్తకంలో చదివి తెలుసుకోండి. మైఎస్‌క్యూఎల్ అనే ప్రసిద్ధ డేటాబేసులో, 2010లో వచ్చిన 5.5 కూర్పుకు ముందు, మనం ప్రత్యేకంగా కోరకపోతే దొరికే పట్టికలకు ట్రాన్సాక్షన్ సౌకర్యమే ఉండేది కాదు. ఆ కూర్పు నుంచి ఆ లోటు తీరింది. పేరు ఒకటే, గుణం మాత్రం అమరికను బట్టి మారింది!

రెండవ ప్రశ్న: ఇద్దరు ఒకేసారి వస్తే?

రైలులో ఒకే ఒక్క బెర్తు మిగిలింది. కాకినాడలో ఒకరు, సికింద్రాబాదులో ఒకరు అదే క్షణంలో దాన్ని అడిగారు. ఇద్దరికీ 'ఖాళీ ఉంది' అని కనబడింది, ఇద్దరూ డబ్బు కట్టారు. ఒకే బెర్తు ఇద్దరికి వస్తే రైలులో ఏం జరుగుతుందో చెప్పనక్కర లేదు గదా!

రైల్వేలో కంప్యూటర్ రిజర్వేషన్ 1980ల నడుమ ఢిల్లీలో మొదలయింది. దేశంలోని కేంద్రాలన్నిటినీ ఒకటిగా కలిపే కాన్సర్ట్ అనే ఏర్పాటును 1994లో మొదట అమలు చేసింది మన సికింద్రాబాదులోనే. 2002 నుంచి ఇంటర్నెట్ ద్వారా కూడా టిక్కెట్లు దొరుకుతున్నాయి. ఇన్ని లక్షలమంది ఒకేసారి మీదపడినా బెర్తు ఒక్కరికే దక్కడానికి కారణం, అడిగినవారందరినీ ఒకరి తరువాత ఒకరు వచ్చినట్లుగా చూడడమే. బావి దగ్గర చేద ఒకటే ఉన్నప్పుడు వంతు వేసుకున్నట్లన్నమాట.

మన కోటిపల్లి పిల్లల పనిలోనూ ఈ చిక్కు వస్తుంది. ఒకే గంట సంఖ్యను ఇద్దరు పిల్లలు నమోదు చేస్తే ఏది నిలవాలి? దానికి నియమం ముందే చెప్పి ఉంచాలి. దాన్ని డేటాబేస్ తప్పకుండా పాటించాలి.

మూడవ ప్రశ్న: తప్పును కాదనగలదా?

నీటిమట్టం 17.75 అని కొట్టబోయి, చుక్క మరిచి 1775 అని కొట్టారు. అంత నీరు వస్తే కోనసీమే కాదు, రాజమహేంద్రవరమూ మిగలదు! మంచి డేటాబేసుకు ముందే చెప్పి ఉంచవచ్చు: ఈ గడిలో సంఖ్యే ఉండాలి, అది ఇంతకు మించరాదు, తేదీ ఖాళీగా ఉండరాదు అని. అప్పుడది తప్పుడు పద్దును గుమ్మంలోనే ఆపేస్తుంది. ఏది ఇస్తే అది పుచ్చుకునే డేటాబేసులూ ఉన్నాయి. వాటితో మొదట్లో పని హాయిగా సాగుతుంది. ఏడాది తరువాత చూస్తే సగం పద్దుల్లో 'అడుగులు', సగంలో 'మీటర్లు' ఉంటాయి!

సమాచారాన్ని వరుసలు, నిలువు గడులున్న పట్టికలుగా పేర్చి, వాటి మధ్య సంబంధాలను గణితశాస్త్ర నియమాలతో చెప్పవచ్చునని 1970లో ఐబీఎం కంపెనీలో పనిచేస్తున్న ఎడ్గార్ కాడ్ చూపాడు. ఈనాటికీ బ్యాంకులు, ఆసుపత్రులు, కార్యాలయాలు ఎక్కువగా నడుస్తున్నది ఆయన చూపిన దారిలోనే. అరవై ఏళ్లకు చేరువవుతున్నా నిలిచిన ఆలోచన అది. పాతది కదా అని తీసిపారేయకండి. పాతది అంటే పరీక్షలకు నిలిచినది అని కూడా అర్థం.

నాలుగవ ప్రశ్న: రెండు గట్ల మధ్య రాకపోకలు ఆగిపోతే?

కోటిపల్లిలో ఒక లెక్కల పుస్తకం, ముక్తేశ్వరంలో దాని జత పుస్తకం ఉన్నాయనుకోండి. పంటు దాటినప్పుడల్లా ఒక మనిషి చీటీ తెచ్చి రెండింటినీ సరిచూస్తాడు. వరద వచ్చింది, పంటు ఆగిపోయింది. ఇప్పుడు రెండే దారులు. పంటు తిరిగేదాకా కొత్త పద్దులు రాయడం ఆపేయాలి. అప్పుడు పుస్తకాలు రెండూ ఒకేలా ఉంటాయి, కాని వచ్చినవారు ఊరికే తిరిగి పోతారు. లేదా ఎవరి గట్టున వారు రాసుకుంటూ పోవాలి. అప్పుడు పని ఆగదు, కాని రెండు పుస్తకాలు వేరు వేరు లెక్కలు చూపవచ్చు. రెండు లాభాలూ ఒకేసారి కావాలంటే కుదరదు.

వేరు వేరు చోట్ల ఉన్న కంప్యూటర్లకూ ఇదే ఇబ్బంది. ఈ సంగతిని 2000లో ఎరిక్ బ్రూవర్ ఒక సూత్రంగా ప్రతిపాదించాడు. 2002లో గిల్బర్ట్, నాన్సీ లించ్ దాన్ని గణితంతో నిరూపించారు. కాబట్టి 'మా డేటాబేస్ ఎన్నడూ ఆగదు, ఎన్నడూ తప్పదు' అని ఎవరైనా ప్రకటన వేస్తే, వారిని ఒకటే అడగండి: వరదలో మీది ఏ దారి? బ్యాంకు ఖాతాకు ఆగడమే మేలు. వరద హెచ్చరికకు, కొంచెం పాత సంఖ్య అయినా దాని పక్కన వేళ వేసి చూపడమే మేలు. పనిని బట్టి ఎంపిక.

అయిదవ ప్రశ్న: నకలు ఉందా? దాన్ని ఎప్పుడైనా తెరిచి చూశారా?

అన్నిటికంటె ముఖ్యమైనది ఇదే. కె.గంగవరానికి దగ్గరలోనే ద్రాక్షారామం ఉంది. అక్కడి భీమేశ్వరాలయంలో వందలాది శాసనాలున్నాయి. ఎవరు దీపానికి దానమిచ్చారో రాతి మీద చెక్కిన పద్దులు శతాబ్దాలు గడిచినా చదవడానికి వీలుగా ఉన్నాయి. తాటాకు గ్రంథాలకు అంత ఆయువు లేదు. పురుగు తింటుంది, తేమకు చివుకుతుంది. అయినా ఎన్నో గ్రంథాలు మన దాకా వచ్చాయి. ఎలా? ప్రతి కొన్ని తరాలకూ ఎవరో ఒకరు కూర్చుని కొత్త తాటాకుల మీద నకలు తీశారు కాబట్టి. కంప్యూటర్ డిస్కు రాయి వంటిది కాదు, తాటాకు వంటిది. దానికంటె అల్పాయుష్షు కూడాను.

నకలు ఎక్కడ ఉంచాలి? పక్క గదిలో కాదు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం వద్ద 35 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు పారింది. 1996 నవంబరు 6న వచ్చిన తుపాను కోనసీమ కొబ్బరితోటలను నేలమట్టం చేసి, వేయిమందికి పైగా ప్రాణాలు తీసింది. అటువంటి రోజున ఒక ఊళ్లోని రెండు నకళ్లూ ఒకేసారి పోతాయి. ఒక నకలు డెల్టాకు బయట, ఏ కర్నూలులోనో హైదరాబాదులోనో ఉండి తీరాలి.

నకలు ఉన్నా చాలదు. నేను ఎరిగిన ఒక బడిలో గ్రంథాలయం పుస్తకాల జాబితాను కంప్యూటర్‌లో ఎక్కించాం. పిల్లలు రెండు సెలవుల పాటు కూర్చుని చేసిన పని అది. ప్రతి శనివారం పెన్‌డ్రైవ్‌లోకి నకలు తీసేవాళ్లం. ఒక వానాకాలం పిడుగుపాటుకు కంప్యూటర్ పోయింది. ధీమాగా పెన్‌డ్రైవ్ తెరిచాం. ఫైలు పేరు ఉంది, లోపల ఏమీ లేదు! ఎన్ని నెలలుగా అలా ఖాళీ ఫైలు నకలు తీశామో తెలియదు. తప్పు పెన్‌డ్రైవ్‌ది కాదు, ఒక్కసారైనా తెరిచి చూడని మాది. ఆ పిల్లల ముఖాలు ఇప్పటికీ గుర్తున్నాయి.

ఇది పల్లెటూరి బడికే జరిగేది అనుకోకండి. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే అంతర్జాతీయ సంస్థలో అలసిపోయిన ఒక ఇంజనీరు పొరపాటున అసలు డేటాబేసునే చెరిపేశాడు. వారికి నకళ్లు తీసే పద్ధతులు అయిదు ఉన్నాయి. అవసరం వచ్చేసరికి ఏదీ అక్కరకు రాలేదు. అదృష్టవశాత్తు ఆరు గంటల ముందు మరో పని కోసం తీసిన నకలు ఒకటి దొరికింది. ఆ ఆరు గంటల్లో చేరినవి మాత్రం పోయాయి. గమనించండి, వారు వాడినది పోస్ట్‌గ్రెస్, చాలా గట్టి డేటాబేస్. నమ్మకమన్నది సరుకులో సగమే ఉంటుంది. మిగతా సగం వాడేవారి అలవాట్లలో ఉంటుంది. ఆ సంస్థలో నాకు నచ్చిన గుణం ఒకటుంది. వారు తప్పును దాచలేదు. ఏం జరిగిందో లోకమంతటికీ వివరంగా రాసి చూపారు.

మరి దేన్ని ఎంచుకోవాలి?

ఇంత చెప్పి పేరు చెప్పకపోతే మీరు ఊరుకోరు. మన కోటిపల్లి పిల్లలది రోజుకు మూడు పద్దుల పని. మండలమంతా చేరినా రోజుకు వంద దాటవు. దీనికి ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్ చాలు. 2000లో రిచర్డ్ హిప్ దీన్ని తయారుచేశాడు. అంతకు ముందు ఆయన యుద్ధనౌకలో వాడే ఒక ప్రోగ్రాము రాసేవాడు. వేరే కంప్యూటర్‌లోని డేటాబేస్ ఆగినప్పుడల్లా ఈయన ప్రోగ్రామూ చతికిలబడేది. అలా వేరొకరి మీద ఆధారపడకుండా, ఒకే ఫైలులో ఇమిడే డేటాబేస్ కావాలనుకున్నాడు. ఈనాడు మీ ఇంట్లో ఉన్న స్మార్ట్‌ఫోనులోనూ అది ఉంది. దాన్ని పరీక్షించడానికి రాసిన ప్రోగ్రాములు అసలు ప్రోగ్రాముకు కొన్ని వందల రెట్లు పెద్దవి. నడిమధ్యలో కరెంటు పోయినట్లు నటించి మరీ పరీక్షిస్తారు! పని పెరిగి, చాలామంది ఒకేసారి రాసే రోజు వస్తే పోస్ట్‌గ్రెస్‌కు మారవచ్చు. రెండింటికీ డబ్బు కట్టనక్కర లేదు, రెండింటి మూల ప్రోగ్రామునూ ఎవరైనా చదవవచ్చు.

పోస్ట్‌గ్రెస్‌లో లోపాలే లేవా? ఉన్నాయి. డిస్కు మీద రాయడం విఫలమయితే ఒక్కోసారి ఆ సంగతి దానికి సరిగా తెలిసేది కాదని 2018లో బయటపడింది. దాన్ని తయారు చేసేవారు అందరి ఎదుట చర్చించి 2019లో సవరించారు. లోపమే లేదని చెప్పేదానికంటె, లోపాన్ని ఒప్పుకొని దిద్దుకునేదాన్నే నేను నమ్ముతాను. సైన్సు నడిచేదీ అలాగే గదా!

'పెద్ద కంపెనీలు వేరే కొత్తవి వాడుతున్నాయి గదా' అని మీరు అడగవచ్చు. నిజమే. కోట్ల మంది ఒకేసారి వచ్చే చోట వారి అవసరాలు వేరు. వాటిని నడపడానికి వందలమంది ఇంజనీర్లు రాత్రింబగళ్లు కాపలా ఉంటారు. ఓడకు కావలసిన లంగరు పడవకు కడితే పడవ మునుగుతుంది.

ఇది మీ బడి పనితో ఆగే విషయం కాదు. మన రాష్ట్రంలో 1998 నుంచి రిజిస్ట్రేషన్ కార్యాలయాల్లోకి కంప్యూటర్లు వచ్చాయి. 2015 నుంచి మీభూమి ద్వారా అడంగల్, 1-బి నకళ్లు ఫోనులోనే చూస్తున్నాం. అరెకరం పొలం ఉన్న రైతుకు ఆ వరుసే ఆస్తి. ఆ వరుసలో పేరు మారితే ఎవరు మార్చారు, ఎప్పుడు మార్చారు, మారకముందు ఏముంది అన్నది చెరగకుండా నిలవాలి. కొట్లో గుమాస్తా చిట్టాలో తప్పు పడితే చెరిపేయడు, కొట్టివేసి పక్కన సరైనది రాస్తాడు. ప్రజల లెక్కలు రాసే డేటాబేసులన్నీ అలాగే ఉండాలని అడగడం మన హక్కు. రేపు పెద్దయ్యాక వాటిని తయారుచేసేది మీలో కొందరే కాబట్టి, ఆ బాధ్యతా మీదే.

చివరగా ఒక ప్రయోగం. మాస్టారిని అడిగి, పనికిరాని పాత కంప్యూటర్ ఒకటి తీసుకోండి. దాని మీద ఉత్తుత్తి పద్దులు వేయి రాయించే ప్రోగ్రాము నడపండి. ఎన్ని పద్దులకు 'పని అయింది' అన్నదో ఎదురుగా మరో యంత్రం మీద లెక్క పెట్టుకోండి. నడుమ ఉన్నట్టుండి మాస్టారి చేత స్విచ్చి ఆపించండి. తిరిగి వెలిగించి, ఎన్ని పద్దులు మిగిలాయో చూడండి. తరువాత నకలు నుంచి అంతా తిరిగి తెప్పించడానికి ఎంతసేపు పట్టిందో గడియారం చూసి రాసుకోండి. రెండు లెక్కలూ సరిపోతే ఆ డేటాబేసును నమ్మండి. సరిపోకపోతే, ఎంత పెద్దవారు మెచ్చుకున్నా దాన్ని పక్కన పెట్టండి. వరద వచ్చిన రాత్రి కోటిపల్లి రేవులో అక్కరకు వచ్చేది పేరు కాదు, ఆ పరీక్షే.